ఏటా కొత్త రథమే: పూరీ లెక్కలు

పూరీలో ఆషాఢ శుద్ధ విదియ నాడు కదిలే రథాలు మూడు. జగన్నాథుడి నందిఘోషకు 16 చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనానికి 12. వెరసి 42. నందిఘోష ఎత్తు సుమారు 45 అడుగులు, అంటే నాలుగంతస్తుల ఇల్లంత. మిగతా రెండూ దానికి అడుగు, రెండడుగులు తక్కువ.

నిరుటి రథాలకే రంగులేసి లాగొచ్చు కదా? కుదరదు. గుర్రాలు, సారథుల బొమ్మల వంటివి మళ్లీ వాడతారు గానీ రథాలు మాత్రం ఏటా కొత్త కలపతోనే కట్టాలి. సంప్రదాయ లెక్కలో నందిఘోషకు 832 కలప ముక్కలు, తాళధ్వజానికి 763, దర్పదళనానికి 593. మొత్తం 2,188. పని అక్షయ తృతీయ నాడు మొదలవుతుంది. మధ్యలో అధిక మాసం రాని ఏడాది చేతిలో ఉండేది 58 రోజులే. అంటే రోజుకు దాదాపు 38 ముక్కలు చెక్కి, అమర్చాలి. వంశపారంపర్యంగా ఈ పని చేసే మహారాణా వడ్రంగులకు మూరలు, వేళ్ల కొలతలే ఆధారం.

రథాలు వెళ్లాల్సింది జగన్నాథుడి ఆలయమైన శ్రీమందిరం నుంచి గుండిచా ఆలయానికి, దూరం సుమారు 3 కిలోమీటర్లు. మనం నడిస్తే ముప్పావుగంట. రథం కొన్నేళ్లు ఆ రోజుకు చేరనే చేరదు. దానికి స్టీరింగు లేదు, బ్రేకు లేదు. దారి మళ్లించాలన్నా తాళ్లతోనే, ఆపాలంటే చక్రాల కింద దుంగలు వేయాల్సిందే. చీకటి పడితే లాగరు, మర్నాడే. తిరుగు ప్రయాణం, బాహుడా యాత్ర, దశమి నాడు. మన తొలి ఏకాదశికి ముందు రోజన్నమాట.

రథాలు కదిలేముందు రాజు వాటిని ఊడ్వడమేమిటని అడిగేవాళ్లుంటారు. పూరీ గజపతి మహారాజు బంగారు పిడి చీపురుతో మూడు రథాలనూ ఊడ్చే ఈ సేవను ఛెరా పహరా అంటారు. 15వ శతాబ్దపు గజపతి పురుషోత్తమ దేవుడి కథ దీని చుట్టూనే తిరుగుతుంది. ఊడ్చేవాడికి పిల్లనివ్వనన్నాడట కంచి రాజు. పురుషోత్తముడు కంచిపై యుద్ధంలో మొదట ఓడి, రెండోసారి గెలిచాడు. రాకుమారి పద్మావతిని తెచ్చి, ఊడ్చేవాడికే ఇచ్చి పెళ్లి చేయమని మంత్రికి ఆజ్ఞాపించాడు. మంత్రి తొందరపడలేదు. రథయాత్ర నాడు రాజు చీపురు పట్టగానే, ఇంతకంటే తగిన ఊడ్చేవాడు దొరకడంటూ ఆమెను ఆయనకే అప్పగించాడు. కొందరు చరిత్రకారులు ఈ కథను విజయనగరానికి చెందిన సాళువ నరసింహుడితో పురుషోత్తముడికి జరిగిన పోరుతో ముడిపెడతారు. నాకైతే ఇందులో అసలు హీరో మంత్రే.

ఇక ఆఖరి సందేహం: యాత్ర అయ్యాక ఇంత కలప ఏమవుతుంది? రథాలను విప్పేస్తారు. చక్రాల వంటి కొన్ని భాగాలను భక్తులకు అమ్ముతారు. మిగతాది గుడి వంటశాలకు, మహాప్రసాదం వండే కట్టెల పొయ్యిల్లోకి వెళ్తుంది.