పక్షులూ – పొరపాట్లూ

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణిస్తూ ఒక ముచ్చట చెప్పాడు. తెలుగు చదువుకున్నవారిలో దానిని ఎరుగనివారు అరుదు. పొలం కాలువ దగ్గర బాతులు తలలు రెక్కల్లో దూర్చుకొని నిద్రపోతున్నాయి. వేకువన తిరిగే తలారులు వాటిని చూచి, తెల్లవారకముందే స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన ధోవతులనుకొన్నారు. సొంతదారుల ఇళ్ళకు చేర్చుదామన్న సదుద్దేశంతో రేవులోకి దిగారు. దిగేసరికి ఆ ధోవతులు లేచి పరుగందుకొన్నాయి! వరిచేలకు కావలి ఉన్న పడుచులు అది చూచి నవ్వారు.

పండితులు ఈ పద్యాన్ని భ్రాంతిమదలంకారానికి లక్ష్యంగా చూపుతారు. పక్షిప్రియులు మాత్రం దీనిని తమ వంశచరిత్రలో మొదటి పుటగా చదువుకోవచ్చును. పక్షులను చూడబోయినవాడు పక్షిని ధోవతి అనుకోవడమో, ధోవతిని పక్షి అనుకోవడమో ఆనాటి నుంచి ఈనాటి దాకా తప్పలేదు. అయిదు వందల ఏండ్లలో చేతిలోకి దుర్భిణి వచ్చింది గాని కన్ను మారలేదు గదా!

మా ఊళ్ళో పక్షులంటే ఇష్టపడే మిత్రులు కొందరున్నారు. పేరూ, నియమావళీ, చందా పుస్తకమూ లేని మండలి మాది. పదవీ విరమణ చేసిన పోస్టుమాష్టరు గారొకరు, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులిద్దరు, బ్యాంకులో పనిచేసే సోదరి ఒకామె, మా కళాశాల విద్యార్థులు నలుగురైదుగురు. కార్తికం వెళ్ళి మార్గశిరం ప్రవేశించగానే మాకు ఆదివారాలు తెల్లవారుజామున మొదలవుతాయి. చెవులకు మఫ్లరు చుట్టుకొని, ముగ్గులు వేస్తున్న వాకిళ్ళు దాటుకొంటూ, హరిదాసు చిడతల చప్పుడు వెనుకబడేదాకా నడిచి ఊరి చెరువు చేరుకొంటాము. ఎండ ఎక్కిన తరువాత టీ దుకాణం బల్ల మీద సభ. ఆ సభకు ఒక ఆచారం ఉన్నది. ఏమి చూచామన్నది తరువాతి మాట. ఆ వారం ఎవరి చూపు ఎక్కడ పొరబడినదో ముందుగా చెప్పాలి.

ఒకనాడు పొగమంచులో సైన్సు మాష్టారు పందొమ్మిది నీటికాకులను లెక్కపెట్టారు. పుస్తకంలో రాసుకొన్నారు కూడా. సూర్యుడు పైకి వచ్చి మంచు విడిపోయేసరికి అవి చేపల వలకు పాతిన గూటాలుగా తేలాయి. వాటిలో ఒక గూటం మీద మాత్రం నిజమైన నీటికాకి ఒకటి రెక్కలు ఆరబెట్టుకొంటున్నది. మాష్టారు పందొమ్మిదిని కొట్టివేసి ఒకటి వేశారు. "శాతం కొంచెం తక్కువైనా ప్యాసయ్యాను" అన్నారు.

మరొక ఉదయం పోస్టుమాష్టరు గారు పొలంగట్టున ఒంటికాలి మీద నిలిచిన తెల్లకొంగను చూపి, పావుగంట సేపు మా అందరినీ ఊపిరి బిగబట్టించారు. చివరకు ఒక కుర్రవాడు ఓపిక పట్టలేక వెళ్ళి దానిని చేతితో పట్టుకొనే వచ్చాడు. అది ముండ్లకంపకు తగులుకొన్న ప్లాస్టిక్ సంచి. "మాష్టారూ, ఈ కొంగ మీద దుకాణం పేరుందండీ" అన్నాడు. "సరేలేవయ్యా, చిరునామా ఉన్న కొంగ నాకు గాక ఇంకెవరికి దొరుకుతుంది?" అన్నారు పెద్దాయన. అదే కుర్రవాడు మరుసటి వారం గట్టు పక్కన మట్టిపెళ్ళ అనుకొన్నదాని దగ్గర తన సంచీ పెట్టబోగా అది తెల్లని రెక్కలు విప్పి ఎగిరిపోయింది. గుడ్డికొంగ! కూర్చున్నప్పుడు దాని ఒళ్ళు ఎండుగడ్డి రంగు, బురద రంగు. ఎగిరితేనే తెలుపు బయటపడుతుంది. మనిషి కాలి దగ్గరకు వచ్చేదాకా కదలదు గనుక దానిని గుడ్డిదన్నారు గాని, అక్కడ చూపు లేనిది ఎవరికో పాఠకులే నిర్ణయించగలరు.

ఇక పులికాటు సరస్సు బురదలో బ్యాంకు సోదరి చెప్పు ఒకటి శాశ్వతంగా ఉండిపోయినది. ఆమె మిగిలిన చెప్పు చేతబట్టుకొని రాజహంసల గుంపును చూస్తూ నిలిచిన తీరు మాకు ఇప్పటికీ పండుగే. వంకర ముక్కును తలక్రిందులుగా నీటిలో ముంచి, సూక్ష్మమైన నాచునూ, చిన్న రొయ్యల వంటి జీవాలనూ వడగట్టి తినే ఆ పక్షులకు అదే బురద అన్నపు పళ్ళెం. ఒకరి ఇక్కట్టు మరొకరి విందు అంటే ఇదే కాబోలు!

ఇవన్నీ నవ్వుకోవడానికి చెప్పిన కథలు మాత్రమే కావు. పక్షిని గురించిన జ్ఞానం ఎన్ని పుస్తకాలలో ఉన్నా దాని మూలం ఎవరో ఒకరు ఒక ఉదయం చూచి రాసుకొన్న పంక్తియే. 1987 నుంచి ఆసియా దేశాలలో జనవరి మాసంలో నీటిపక్షులను లెక్కించే ఏర్పాటు ఒకటి నడుస్తున్నది. అందులో లెక్కించేవారు ఎక్కువమంది జీతభత్యాలు లేని సామాన్యులు. వేల పక్షులున్న గుంపును ఒక్కొక్కటిగా ఎంచడం అసాధ్యం. కనుక ముందు పదింటిని లెక్కించి ఆ పది ఎంత మేర ఆక్రమించినదో కంట నిలుపుకొంటారు. ఆ కొలతతో నూరు, నూటితో వేయి అంచనా కడతారు. మొదటి పదీ తప్పితే వేయీ తప్పుతుంది. పందొమ్మిది గూటాలను నీటికాకులుగా ఉంచేసిన పుస్తకం, ఆ చెరువు క్షీణించిన సంగతిని పది సంవత్సరాలు దాచిపెట్టగలదు. అందుచేతనే "ఈనాడు ఏమీ కనబడలేదు" అని రాసే ధైర్యం పక్షిప్రియునికి మొదటి గుణం. సున్న కూడా ఒక సమాచారమే.

చూపు పొరపాటు ఎండ రాగానే సర్దుకొంటుంది. మాట పొరపాటు అంత తేలికగా పోదు. మా ఉపాధ్యాయినీమణి ఒకామె తరగతిలో గూడబాతులు సైబీరియా నుంచి మనకు వచ్చే అతిథులని చెప్పారట. పత్రికల్లో తరచు కనిపించే మాటే అది. వెనుక బల్ల మీది ఆడపిల్ల లేచి, "అయితే టీచర్, అవి గూళ్ళు ఇక్కడే ఎందుకు కడతాయి? పిల్లల్ని ఇక్కడే ఎందుకు పెంచుతాయి?" అని అడిగింది. టీచరుగారు ఆ వారం టీ దుకాణం సభలో తన అనుభవాన్ని యథాతథంగా నివేదించారు. ఆ ప్రశ్నకు మేమందరం కలిసి తీసిన సమాధానం ఇది. శీతకాలపు వలసపక్షి తన పుట్టినచోటనే గూడు కడుతుంది. మన దగ్గరకు తిండికీ, వెచ్చదనానికీ వస్తుంది. సూదితోక బాతు అటువంటిది. ఉత్తరాసియా నుంచి నిజంగానే వస్తుంది. పట్టెతల బాతు టిబెట్టు, మంగోలియాల నుంచి హిమాలయాలను దాటి వస్తుంది. అది ఏడు వేల మీటర్లకు పైగా ఎగిరినట్టు శాస్త్రజ్ఞులు కొలిచారు కూడా. కాని నేలపట్టులో కడప చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులు, తేలినీలాపురంలో చింతచెట్ల మీద పిల్లలను పెంచే ఎర్రకాళ్ళ కొంగలు ఈ దేశపు పక్షులే. రాజహంసలకు సైతం కచ్ రణ్ ప్రాంతం పుట్టినిల్లు.

సైబీరియా అంటే నేమి, కచ్ అంటే నేమి అని మీరు అడగవచ్చు. తేడా ఉన్నది. అతిథి ఈ ఏడు రాకపోతే దారిలో ఏమైనదో అని ఊరుకొంటాము. ఇంటి ఆడపడుచు రాకపోతే మనమేమి తప్పు చేశామా అని వెదుకుతాము. ఒక్క తప్పుమాట మన బాధ్యతను వేల మైళ్ళ దూరానికి తోసివేయగలదు.

దీనికి కొల్లేరే సాక్షి. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామం దగ్గర గూడబాతులు పెద్దయెత్తున గూళ్ళు కట్టే తావును 1940ల దశకంలో లోకానికి తెలియజేసినవాడు కె.కె.నీలకంఠన్. ఆయన వృత్తిచేత ఆంగ్లభాషాధ్యాపకుడు. తరువాత కేరళ పక్షుల మీద మలయాళంలో ప్రసిద్ధగ్రంథం రచించాడు. 1970ల నడిమికి ఆ తావు నిర్జనమైంది. తరువాతి కాలంలో కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు మళ్ళీ కుదురుకొన్నాయి. చెట్లు చాలక అక్కడ ఇనుప స్తంభాల మీద మంచెలు కట్టి ఇవ్వవలసి వచ్చింది. ఒక ఉపాధ్యాయుడు శ్రద్ధగా రాసి ఉంచడంచేతనే, పోయినది ఎంతటిదో మనకు తెలిసింది.

రాయలవారి శాలిగోపికల నవ్వులోనూ ఒక సత్యం ఉన్నది. పొరబడినవారు పైనుంచి వచ్చిన తలారులు. పొరబడనివారు చేను కాచే ఆడపిల్లలు. కలివికోడి కథ దీనినే నిరూపిస్తున్నది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత కనబడకపోగా, అంతరించినదనే అనుకొన్నారు. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో స్థానికుల సాయంతో దానిని తిరిగి కనుగొన్నాడు. కలివిపొదల మధ్య రాత్రివేళ తిరిగే ఈ కోడి అక్కడి వేటగాండ్రకు తెలిసినదే. వారిలో ఒకడు దీపపు వెలుగులో దానిని ప్రాణాలతో పట్టి తెచ్చాడు; కాని ఆ పక్షి ఎన్నో రోజులు బ్రతకలేదు. ఎనభయ్యారేండ్ల నిరీక్షణకు దొరికిన ఫలంలో ఇంత విషాదం! అయినా ఆ ఒక్క పక్షివల్లనే లంకమల ప్రాంతానికి రక్షణ లభించింది. తెలుగుగంగ కాలువ దారిని సైతం మళ్ళించవలసి వచ్చింది.

సంక్రాంతి దగ్గరపడుతున్నది. కొత్త ధాన్యపు కంకులను కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకు వ్రేలాడదీసే ఆచారం మన పల్లెలలో ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నది. అదే పండుగకు ఎగురవేసే గాలిపటాల గాజుపూత దారం చెట్లకు చిక్కుకొని, పండుగ వెళ్ళిన తరువాత కూడా గద్దల రెక్కలు కోస్తున్నది. ఒక చేత్తో గింజ, మరొక చేత్తో ఉరి! గాలిపటం వద్దనడం మన ఉద్దేశం కాదు. నూలుదారంతో ఎగురవేయండి, తెగిన దారాన్ని బడిపిల్లలే ఏరి చుట్టి తీసివేయండి. మా విద్యార్థులు నిరుడు కనుమనాడు చెరువుగట్టు చెట్ల నుంచి ఒక బుట్టెడు దారం తీశారు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ప్రతి బడికీ ఒక ఆవరణ, ఒక చెట్టు, సమీపంలో ఒక చెరువో కుంటో ఉంటాయి. ఒక నోటుపుస్తకం కొని పిల్లల చేతికివ్వండి. తేదీ, వేళ, స్థలం, పక్షి, సంఖ్య – ఈ అయిదు గడులు చాలును. ఆరవ గడి మాత్రం మరువవద్దు. దానికి "సందేహం" అని పేరు పెట్టండి. అందులో రాసినందుకు ఎవరినీ వెక్కిరించకూడదు. శరత్తులో తోక ఆడించుకొంటూ మైదానంలోకి వచ్చే కాటుకపిట్ట ఏ నాడు వచ్చినదో, వేసవి మొదట్లో ఏ నాడు కనబడకుండా పోయినదో పదేండ్లు వరుసగా రాసిన బడి ఉంటే, దాని పుస్తకం ఏ విశ్వవిద్యాలయానికైనా ఆదరణీయమే. ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మొదటి పుటలో సున్న పడినా సిగ్గుపడవద్దు.