ఫెజ్ పాతపట్టణము

ఆఫ్రికాఖండమునకు వాయవ్యమున మొరాకో దేశము కలదు. అందలి ప్రాచీన నగరములలో ఫెజ్ సుప్రసిద్ధమైనది. ఎనిమిదవ శతాబ్దము చివర ఇద్రీసు వంశపు రాజులు దీని నిర్మాణమునకు పూనుకొనిరి. తరువాత స్పెయిను నందలి కార్డోవా నుండియు, ట్యునీషియాలోని కైరవాన్ నుండియు వలస వచ్చినవారు నదికి ఇరుగట్టుల నివాసము లేర్పరచుకొనిరి. ప్రాకారముల నడుమనున్న ఈ పాతపట్టణపు ఇరుకు వీథులలో మోటారుబండ్లు నడువవు. బరువులను గాడిదలును, కంచరగాడిదలును మోయును.

క్రొత్తగా వచ్చిన యాత్రికుడు 1913లో కట్టబడిన బాబ్ బూజలూద్ అను ద్వారమును దాటి లోనికి పోవును. దాని వెలుపలి పలకలు నీలివన్నెవి, లోపలివి ఆకుపచ్చనివి. కొంతదూరము నడచునంతలో అతనికి దిక్కు తోచదు. సందులోనుండి సందు చీలును. ఇరువైపుల ఎత్తైన బోసి గోడలే కాన్పించును. అందుచేత అచ్చటి మార్గదర్శిని వెంటగొనిపోవుట మేలు.

మార్గదర్శి మొట్టమొదట ఒక మాట నేర్పును. “బాలక్!” అను కేక వినబడగానే గోడ కొదిగి నిలువవలెను. ‘జాగ్రత్త, తప్పుకొనుడు’ అని దాని భావము. వెనుక బరువుతో కంచరగాడిద వచ్చుచుండును. పిమ్మట అతడు నేలవాలును చూపును. తలా కబీరా, తలా సగీరా అను రెండు పెద్దవీథులు ద్వారము చెంతనుండి నగరమధ్యమునకు దిగును. ‘తలా’ యనగా ఎగువదారి. దిగినచో నగరమధ్యము, ఎక్కినచో ద్వారము. ఈ గురుతు తెలిసినవానికి భయము తగ్గును.

పల్లమున కరవియ్యీన్ మసీదు కలదు. దానిని 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అను వనిత కట్టించెనని పరంపరగా చెప్పుదురు. అది గొప్ప విద్యాపీఠముగా వర్ధిల్లెను. ముస్లిములు కానివారు వాకిట నిలిచి చూడవలసినదే. సమీపమున కంచరులు రాగిపాత్రలను సాగగొట్టుచుందురు. షువారాలో తోళ్లను సున్నముతోను, పావురముల రెట్టతోను నానబెట్టి, పిదప రంగుతొట్లలో తొక్కుదురు. ఆ దుర్గంధమును సహించుటకై చూడవచ్చినవారికి పుదీనా ఆకుల నిత్తురు.

బోసి గోడలకును కారణము కలదు. ఇండ్ల సొగసంతయు లోపలి ముంగిళ్లలో నుండును. ఇరుకుసందులు ఎండను అడ్డును. ప్రతి పేటకు మసీదు, బడి, నీటిధార, స్నానశాల, రొట్టెలు కాల్చు ఉమ్మడి పొయ్యి యుండుట పూర్వాచారము. పిల్లలు ఇంట పిసికిన పిండిముద్దలను పళ్లెములతో ఆ పొయ్యికి తెత్తురు. ఏ రొట్టె ఏ యింటిదో కాల్చువాడు గుర్తించును.

1912లో ఫ్రెంచివారి పాలన యేర్పడిన పిదప రాజధాని రబాత్ నగరమునకు మారెను. ప్రాకారము వెలుపల క్రొత్తపట్టణము వెలసెను. సంపన్నులు క్రమముగా తరలిపోగా, పల్లెలనుండి వచ్చిన బీదవారు ఒక్కొక్క యింట పలు కుటుంబములుగా చేరిరి. ఇండ్లు శిథిలములయ్యెను. కొన్ని సందులలో గోడలు కూలకుండ దూలములతో ఊతమిచ్చిరి. 1981లో యునెస్కో ఈ పట్టణమును ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించెను. అయినను, పలకలు పొదుగుటయు, సున్నపుపూతను చెక్కుటయు, దేవదారుకొయ్యను మలచుటయు ఎరిగిన పనివాండ్రు లేనిచో మరమ్మతు సాగదు. వారి విద్య నశించినచో గోడలు మాత్రమే మిగులును.

తిరుగుదారిలో మార్గదర్శి వెనుకబడి, యాత్రికుని ముందు నడువనిచ్చును. అతడు వాలు నెక్కుచుండగా కేక వినబడును. ఈసారి ఎవరును చెప్పకయే అతడు గోడ కొదిగి నిలుచును.