ఆరింటి బస్సు

సాయంత్రం అయిదు దాటితే మా నాయనమ్మకు కాలు నిలవదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "ఆరింటి బస్సుకి ఆయనొస్తారు" అంటూ గేటు వైపు నడుస్తుంది. ఆ 'ఆయన' అప్పటికే వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ ఉంటాడు.

మాది కంచికచర్ల. వయసులో ఉన్నప్పుడు తాతయ్య పత్తి బేరాలకు నందిగామ, జగ్గయ్యపేట తిరిగి సాయంత్రం బస్సుకి ఇల్లు చేరేవాడట. ఆ రోడ్డే ఇప్పుడు హైదరాబాద్-విజయవాడ హైవే. నాలుగు లేన్లు, ఆగని లారీలు. నాయనమ్మ మాటల్ని మొదట్లో మేం చాదస్తం అనుకున్నాం. రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం ఆమె ఒంటరిగా హైవే దాకా వెళ్ళిపోయింది. టీ కొట్టు అబ్బాయి గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అప్పటిగ్గానీ డాక్టర్‌కి చూపించాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అప్పుడు నేను ఇంటర్. జ్ఞాపకశక్తి అంటే నాకు ఎంసెట్ ఫార్ములాలే.

డాక్టర్ గారు చాలా అడిగారు. మధ్యలో "మీ ఆయన పేరేంటమ్మా?" అన్నారు. నాయనమ్మ తల వంచుకుని నవ్వింది, చెప్పలేదు. మర్చిపోయిందా? ఎప్పుడూ నోటితో పలకని పేరు కాబట్టి పలకలేదా? మాకు అర్థం కాలేదు. తాతయ్యే అన్నాడు: "పెళ్ళయి కొత్తలో గుమ్మం దగ్గర ఆపి అడిగితే ఒక్కసారి చెప్పిందండీ. మళ్ళీ చెప్పలేదు."

తర్వాత ఈ జబ్బు గురించి చదువుతుంటే అదే ప్రశ్న ఎదురైంది. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలోయిస్ ఆల్జీమర్ అనే డాక్టర్, ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ళ ఆవిడను భర్త పేరు అడిగాడు. ఆవిడ తన పేరే చెప్పింది. ఆవిడ చనిపోయాక మెదడును పరీక్షించి, 1906లో ఆయన ఈ జబ్బును లోకానికి వివరించాడు.

జరిగేది ఇదీ. కణతలకు లోపలి వైపు హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. కొత్త సంగతి ఏదైనా జ్ఞాపకంగా నిలవాలంటే దాని సాయం కావాలి. ఆల్జీమర్స్‌లో అమైలాయిడ్, టౌ అనే ప్రొటీన్లు మెదడులో పేరుకుంటాయి, ముందుగా దెబ్బతినే వాటిలో ఇదొకటి. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు. పాత జ్ఞాపకాలు ఏళ్ళ తరబడి మెదడు పై పొరల్లో పాతుకుపోయి ఉంటాయి కాబట్టి ఎక్కువ కాలం నిలుస్తాయి. మా క్లాసులో ఒకడు "ర్యామ్ పోయింది, హార్డ్ డిస్క్ ఉంది" అన్నాడు. కొంతవరకు నిజమే. కానీ ఏ హార్డ్ డిస్కూ సాయంత్రమైతే ఎవరికోసమో ఎదురు చూడదు. పొద్దుగూకే వేళ కంగారు పెరగడం ఈ జబ్బులో మామూలేనట. అలసట, మసక వెలుతురు, దారి తప్పిన శరీర గడియారం, అన్నీ కారణాలే. ఇప్పుడు మేం అయిదింటికే లైట్లు వేసేస్తున్నాం.

మతిమరుపు అంతా ఆల్జీమర్స్ కాదు. థైరాయిడ్, బీ12 లోపం, డిప్రెషన్ వల్ల వచ్చేది చాలాసార్లు మందులతో తగ్గుతుంది. అందుకే ముందు రక్తపరీక్ష చేయించాలి. 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటిన వాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. మన ఊళ్ళలో దాన్ని చాదస్తం అనే పిలుస్తున్నాం. పెద్దవాళ్ళ విషయంలో ఏం చెయ్యాలో తోచకపోతే 14567 అనే ఎల్డర్‌లైన్ నంబరుంది.

నేను చేసిన తప్పు ఒకటుంది. "తాతయ్య ఇక్కడే ఉన్నాడు కదా, చూడు!" అని రోజూ వాదించేవాణ్ణి. ఆమె ఏడ్చేది. తన పెనిమిటి పాతికేళ్ళవాడు, ఈ ముసలాయనెవరు? ఆమె లెక్క ఆమెది. నేను గెలిచిన ప్రతిసారీ ఆమె అన్నం మానేసేది. తాతయ్య ఒక్కనాడూ వాదించలేదు.

మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు చూశాను. నాయనమ్మ గేటు దగ్గర నిలబడి వెనక్కి తిరిగి అడిగింది:

"ఏ ఊరండీ మీది?"

"ఈ ఊరే."

"అయితే మా ఆయన మీకు తెలిసే ఉండాలి."

"తెలుసు. బస్సు లేటట. కూర్చో, వచ్చేదాకా నేనూ ఉంటాను."

ఆమె వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. తాతయ్య పేపరు మడిచి పెట్టేశాడు.