తీవ్రవ్యాధుల బీమాలో మినహాయింపులు

తీవ్రవ్యాధుల పాలసీ ఆసుపత్రి బిల్లుకు కాదు. క్యాన్సరు, పక్షవాతం వంటి పేర్కొన్న వ్యాధి నిర్ధారణ అయినపుడు, షరతులకు లోబడి, నిర్ణీత మొత్తం ఒకేసారి చెల్లిస్తుంది. కనుకనే దరఖాస్తులో మధుమేహం, రక్తపోటు గూర్చి ప్రశ్నిస్తారు. ఏజెంటు ‘లేదు’ అని నింపినా సంతకం దరఖాస్తుదారుదే. దాచిన జబ్బు క్లెయిము తిరస్కరణకు దారితీస్తుంది. తెలిపిన జబ్బుకు ప్రీమియం పెరగవచ్చు, లేదా నిరీక్షణ కాలం విధింపబడవచ్చు. 2024 ఆరోగ్య బీమా నిబంధనల ప్రకారం అది 36 నెలలు మించరాదు. కొన్ని వ్యాధులకు మాత్రం, దరఖాస్తుదారు సమ్మతిస్తే, శాశ్వత మినహాయింపు ఉంటుంది. సమ్మతికి ముందే ఆ పుట చదవడం అవసరం. పాలసీ అందిన 30 రోజులలో దానిని తిరిగి ఇచ్చివేయవచ్చు.

తిరస్కరణపై మొదట సంస్థకే వ్రాయాలి. నెలలో జవాబు రాకున్నా, వచ్చినది సరిపడకున్నా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, రుసుము లేదు. పుదుచ్చేరి, కారైకాల్ చెన్నై పరిధిలోనివి. దరియాలతిప్పతో సహా యానాం మాత్రం హైదరాబాదు పరిధిలోనిది.