చెంబు మీది మెరుపు ఎక్కడిది?

ఇంట్లో ఇత్తడి చెంబు ఉందా? దాన్ని కిటికీ పక్కన పీట మీద పెట్టండి. దగ్గర్లో ఒక నిమ్మకాయ, రెండు పండు మిరపకాయలు ఉంచండి. మన ఖమ్మం జిల్లాలో మిరపకాయలకు కరువేమిటి! ఇప్పుడు వాటిని నీటి రంగులతో వెయ్యండి.

మా ఖానాపురం హవేలిలో ఒక కుర్రాడు ఇదే బొమ్మ వేసి తెచ్చాడు. గీత చక్కగా కుదిరింది. చెంబు మాత్రం మట్టిముద్దలా ఉంది. "తెల్లరంగు దట్టంగానే పెట్టాను మాస్టారూ, అయినా మెరవడం లేదు" అన్నాడు. చెంబంతా ముందు పసుపు పూసి, మెరుపు కోసం పైన తెలుపు అద్దాడు. చిక్కు అక్కడే వచ్చింది.

నీటి రంగులో ఉండేది మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని కాగితానికి అంటించే జిగురు. ఆ జిగురు ఆఫ్రికాలో పెరిగే ఒక రకం తుమ్మ నుంచి వస్తుంది. మన చేలగట్ల మీది తుమ్మబంక దానికి దగ్గరి చుట్టమే. ఈ పూత చాలా పలుచన. కాంతి దానిలోంచి దూరి, అడుగున ఉన్న తెల్లకాగితాన్ని తాకి, మళ్ళీ అదే పూతలోంచి మన కంటికి చేరుతుంది. రంగుగాజు వెనక దీపం పెట్టినట్లన్నమాట. ఆ దీపం కాగితమే! కనుక మెరుపు కావలసిన చోట రంగు వెయ్యకుండా వదిలెయ్యాలి. పైన తెలుపు అద్దితే కింది పసుపు తడికి కరిగి అందులో కలిసిపోతుంది. కుర్రాడు రెండోసారి బియ్యపుగింజంత చోటు వదిలాడు. చెంబు మెరిసింది.

మరి కాగితానికి ఆ తెలుపు ఎలా వచ్చింది? దాని నారలకు నిజానికి రంగు లేదు. నారల మధ్య గాలి ఉంటుంది. గాలి వక్రీభవన గుణకం 1, నారది సుమారు 1.5. ఈ రెండూ కలిసే ప్రతిచోటా కాంతి చెదిరి వెనక్కి వస్తుంది. అదే మనకు తెలుపు. తడిపితే గాలి ఉన్నచోట నీరు చేరుతుంది. నీటి గుణకం 1.33. తేడా తగ్గింది, చెదరడమూ తగ్గింది. అందుకే తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించిన రంగు ఆరాక లేతబడుతుంది. కొత్తవాళ్ళందరూ ఇక్కడ మోసపోతారు. నేనూ పోయాను. ముందు చిత్తుకాగితం మీద పూసి, ఆరనిచ్చి చూసుకోండి.

నిమ్మకాయ చుట్టూ ముదురు అంచు కట్టిందా? రంగునీటి అంచు కాగితాన్ని పట్టుకుని కదలదు. అక్కడ నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి నడుమనున్న నీరు అంచుకు పారుతూ రంగు రేణువులను మోసుకుపోతుంది. బల్ల మీద ఆరిన కాఫీచుక్కదీ ఇదే కథ. ఎన్ని తరాలుగా కాఫీ తాగుతున్నా, ఈ సంగతిని షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1997లో గాని విడమరచి చెప్పలేదు! అంచు వద్దనుకుంటే కాగితాన్ని ముందే తడిపి ఉంచండి.

రాజమహేంద్రవరం వెళితే దామెర్ల రామారావు చిత్రశాల చూడండి. 1897లో పుట్టి, 1925లో 28 ఏళ్ళు నిండకుండానే మశూచితో పోయిన చిత్రకారుడాయన. నీటి రంగులకు వెలుతురే ప్రాణం, వెలుతురే శత్రువు. ఇంగ్లండులో రస్సెల్, ఆబ్నీ అనే శాస్త్రజ్ఞులు రంగు పూసిన కాగితాలను గాజుగొట్టాల్లో పెట్టి ఎండలో ఉంచి, 1888లో ఫలితాలు ప్రకటించారు. తడిగాలిలో చాలా రంగులు వెలిశాయి. గాలి తీసేసిన గొట్టాల్లో చాలావరకు దాదాపు మారలేదు.

మీరూ చేసి చూడవచ్చు. మీ పెట్టెలోని రంగులన్నీ ఒక కాగితం మీద పట్టీలుగా పూసి, సగభాగం మందపాటి అట్టతో కప్పి, ఎండ పడే కిటికీలో ఉంచండి. మూడు నెలల తరువాత అట్ట తీసి, ఏ రంగు ఎంత వెలిసిందో రాసుకోండి.