తిరిగే తలకు కసరత్తు

ఒప్పులకుప్ప ఆట మీలో చాలామందికి తెలుసు. ఇద్దరు చేతులు పట్టుకుని, పాదాలు దగ్గరగా పెట్టి, వెనక్కు వాలి గిర్రున తిరుగుతారు. చటుక్కున ఆగగానే ఇల్లూ, చెట్లూ, ఆకాశమూ తమ చుట్టూ తిరుగుతున్నట్టుంటుంది. కాళ్ళు తడబడతాయి. కాస్సేపటికి అన్నీ సర్దుకుంటాయి, అందరూ నవ్వుకుంటారు.

కాని, ఆట లేకుండానే అట్లా తిరుగుతుంటే? మంచం మీంచి లేచినా, తల పక్కకు తిప్పినా, మెట్టు దిగినా లోకం తిరిగిపోతుంటే? అట్లాంటి అవస్థ పడేవాళ్ళు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి మేలు చేసే చికిత్స ఒకటి ఉంది. అది మాత్ర కాదు, సూదిమందు కాదు. కసరత్తు!

అది ఎట్లాగో తెలియాలంటే ముందు చెవి సంగతి తెలియాలి. చెవి ఉన్నది వినటానికే అనుకుంటాం. కాని ఒక్కొక్క చెవి లోపల, ఎముకలో దాగి, మూడు సన్నని వంకర గొట్టాలున్నాయి. వీటిని అర్ధవర్తుల కుల్యలంటారు. వాటి నిండా నీరు వంటి ద్రవం ఉంటుంది. మనం తల తిప్పగానే ఆ ద్రవం కాస్త వెనకబడుతుంది. దానితో అక్కడి సన్నని రోమాలు వంగి, "తల ఇటు తిరిగింది" అని మెదడుకు కబురు చేస్తాయి. ఒప్పులకుప్ప ఆడి ఆగినప్పుడు ఒళ్ళు ఆగుతుంది గాని, ద్రవం వెంటనే ఆగదు. చెవి "ఇంకా తిరుగుతున్నాం" అంటుంది. కాళ్ళు "లేదు, ఆగాం" అంటాయి. ఈ తగాదా వల్లనే తల తిరుగుతుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఈ పుస్తకాన్ని కదలకుండా పట్టుకుని, "కాదు, కాదు" అన్నట్టు తల ఆడిస్తూ చదవండి. అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. ఇప్పుడు తల కదపకుండా, పుస్తకాన్ని అంత వేగంగానూ ఆడించండి. అక్షరాలు అలుక్కుపోతాయి! మొదటిసారి చెవి పంపిన కబురును బట్టి కళ్ళు తలకు ఎదురుగా తిరిగి, చూపును నిలిపాయి. రెండోసారి చెవి సాయం లేదు.

ఆ సాయం ఎప్పటికీ లేకుండా పోతే? 1952లో ఒక డాక్టరు తన సొంత అనుభవం రాశాడు. స్ట్రెప్టోమైసిన్ అనే మందు వల్ల ఆయన చెవుల్లోని ఈ ఏర్పాటు పాడైంది. పడుకుని చదవబోతే, నాడి కొట్టుకున్నప్పుడల్లా అక్షరాలు ఎగిరేవి. ఆయన మంచం కమ్మీల మధ్య తల ఇరికించుకుని చదివేవాడు! అయినా, చూపు మీద ఆధారపడి నడవటం మెల్లగా నేర్చుకున్నాడు.

తల తిరిగేవారు సాధారణంగా ఏం చేస్తారు? కదిలితే తిరుగుతుందన్న భయంతో కదలటం మానేస్తారు. 1940 తరువాత ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు డాక్టర్లు ఇందుకు సరిగా ఎదురుమార్గం పట్టారు. తలకు దెబ్బలు తగిలినవారినీ, చెవికి శస్త్రచికిత్స అయినవారినీ కదలమన్నారు! ముందు మంచంలోనే కళ్ళు అటూ ఇటూ తిప్పాలి. తరువాత తల, మొదట మెల్లగా, పిమ్మట త్వరగా. ఆ పైన కూర్చుని, వంగి నేలమీది వస్తువులు తీయాలి. తరువాత నిలబడి బంతిని ఈ చేతినుంచి ఆ చేతికి విసరాలి. చివరకు మెట్లెక్కి దిగాలి. నలుగురితో కలిసి బంతాట ఆడాలి!

ఇందులో కిటుకేమిటంటే, మెదడు తప్పు చేసి నేర్చుకుంటుంది. కదిలినప్పుడు తల కాస్త తిరిగితేనే, చెవి కబురులో పొరపాటున్నట్టు దానికి తెలుస్తుంది. రోజూ సాధన చేస్తే ఆ పొరపాటును సర్దుకోవటమూ, కళ్ళనూ కాళ్ళనూ ఎక్కువగా నమ్మటమూ నేర్చుకుంటుంది. కదలకుండా కూర్చుంటే నేర్చుకునే అవకాశమే ఉండదు.

అయితే, అన్ని తలతిరుగుళ్ళూ ఒకటి కావు. చెవిలోని సున్నపురాయి వంటి సన్నని రేణువులు దారితప్పి కుల్యలో పడ్డా తల తిరుగుతుంది. తలను ఒక క్రమంలో తిప్పి వాటిని తిరిగి చోటికి చేర్చే ఉపాయాన్ని అమెరికా డాక్టరు జాన్ ఎప్లీ కనిపెట్టి, 1992లో వివరంగా ప్రకటించాడు. కనక కారణం తేల్చవలసింది డాక్టరే. తల తిరగటంతోపాటు మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మీ ఇంట్లో నాయనమ్మో, తాతయ్యో గోడ పట్టుకుని నడుస్తుంటే, "ముసలితనంలే" అని ఊరుకోకండి. పడితే ఎముకలు విరుగుతాయి. డాక్టరుకు చూపించమని అమ్మా నాన్నలతో చెప్పండి. ఆయన కసరత్తు చెయ్యమంటే, సాయంత్రం పూట నాయనమ్మకు తోడు నిలబడి, బంతి అందించే పని మీదే!