కర్రలూ తాళ్లూ నేర్పే చదువు



మీ అమ్మాయి ఏడో క్లాసో ఎనిమిదో చదువుతూంటుంది. ఒకరోజు బడినుంచి కాగితం పట్టుకొస్తుంది. గైడ్స్ క్యాంపు, మూడు రోజులు, తల్లిదండ్రుల సంతకం కావాలి. మనం ముందుగా అడిగేవి ఏమిటి? రాత్రిళ్లు పడుకునేది ఎక్కడ, టీచరమ్మలు ఎంతమంది వస్తున్నారు, స్నానానికి చాటు ఉందా? ఇవి అడగవలసిన ప్రశ్నలే. మొహమాటం లేకుండా అడగండి. కాని అక్కడ నేర్పేదేమిటని మాత్రం మనం అడగం. "ఏముందీ, కర్రలకు తాళ్లు కట్టటం, మట్టి పొయ్యి పెట్టటం. ఇందుకు డబ్బిచ్చి పంపాలా?" అని అత్తగారు తీసిపారేస్తే మనమూ ఊరుకుంటాం. ఈవేళ ఆ కర్రలూ తాళ్లూ సంగతే కాస్త చెప్పుకుందాం.

ఈ క్యాంపుల పద్ధతి 1907లో ఇంగ్లండులో బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో బేడెన్ పవెల్ కొద్దిమంది పిల్లలతో పెట్టిన శిబిరంతో మొదలైంది. మన దేశంలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ 1950లో ఏర్పడింది. కవాతూ, జెండా వందనమూ, చప్పట్లూ వీళ్ల కార్యక్రమంలో చాలానే ఉంటాయి. నాకు వాటిమీద అంత మోజు లేదు. నాకు నచ్చిందల్లా ఒకటే. అక్కడ ఏ విద్యనూ పాఠంలా చెప్పరు. ఒక వస్తువు తయారు చెయ్యమంటారు. ఆ వస్తువు నిలబడితే పాఠం వచ్చినట్టు, కూలిపోతే రానట్టు. మార్కులు వేసే పని టీచరమ్మకు ఉండదు.

ఉదాహరణకు ముక్కాలి. మూడు సరుగుడు కర్రలో, వెదురు కర్రలో పక్కపక్కన పరిచి, పైకొసకు జానెడు కింద తాడును ఒక కర్ర పైనుంచి, రెండో దాని కిందనుంచి, మూడో దాని పైనుంచి నేసినట్టుగా ఐదారుసార్లు తిప్పుతారు. ఆ తరువాత కర్రకూ కర్రకూ మధ్య సందులో, కట్టు మీదుగా అడ్డంగా రెండేసి చుట్లు బిగిస్తారు. అసలు బలమంతా ఈ అడ్డచుట్లలోనే ఉంది. అవి లేకపోతే ఎన్ని బారల తాడు చుట్టినా లొడలొడలాడుతుంది. కొస ముడివేసి కాళ్లు విడదీస్తే ముక్కాలి నిలబడుతుంది. కట్టు మరీ బిగిస్తే కాళ్లు విడవవు, వదులైతే నిలవవు. ఆ మధ్యస్థం చేతికి తెలియాలిగాని నోటితో చెప్పేది కాదు. దానిమీద చెయ్యి కడుక్కునే బేసిను పెట్టుకుంటారు. కాసిని కర్రలు ఎక్కువుంటే పళ్లేలు ఆరబెట్టుకునే బల్ల, చెప్పుల స్టాండు కూడా కడతారు. చూడటానికి పిల్లలాటే. కాని ముక్కాలి కట్టిన పిల్ల పందిరి కట్టగలదు. పందిరి కట్టగలిగితే తలదాచుకునే చోటు అమర్చుకున్నట్టే కదండీ.

ఇంతకీ ముడులు మనకు కొత్తా? సాయంత్రం మల్లెపూలు కట్టేటప్పుడు అరటినారను కాడల చుట్టూ తిప్పి, మెలికలోంచి లాగి బిగిస్తామే, అదీ ముడే. జారదు, పువ్వు నలగదు. గైడ్స్ మొదట నేర్చుకునే క్లోవ్ హిచ్ దీనికి అక్కచెల్లెలి వరస. తాడును కర్రకు ఒకచుట్టు చుట్టి, ఆ చుట్టు మీదుగా దాటించి, రెండోచుట్టు వేసి, దాటిన చోట కిందనుంచి కొస లాగటమే. పై కట్లన్నీ దీనితోనే మొదలై దీనితోనే ముగుస్తాయి.

రీఫ్ నాట్ అని ఇంకొకటి ఉంది. కుడికొస ఎడమకొస మీదుగా వేసి ఒకమెలిక, తరువాత ఎడమకొస కుడికొస మీదుగా వేసి రెండో మెలిక. రెండుసార్లూ ఒకేవైపు వేస్తే పిచ్చిముడి పడుతుంది. అది జారనన్నా జారుతుంది, లేదా పీటముడి పడి పళ్లతో లాగినా రాదు. విరిగిన చేతికి మెడనుంచి గుడ్డ వేలాడగట్టేటప్పుడు రీఫ్ నాట్ వేస్తే ఒంటికి గుచ్చుకోకుండా చదునుగా ఉంటుంది, విప్పటమూ తేలిక. అయితే మనిషి బరువు మొయ్యవలసిన చోట రెండు తాళ్లను దీనితో కలపకూడదు, ఊడిపోతుంది.

మనిషి బరువంటే గుర్తొచ్చింది. బౌలైన్ అనే ముడి ఒక్కటి వచ్చినా క్యాంపు డబ్బులు గిట్టుబాటైనట్టే అంటాను నేను. అది ఉచ్చులా ఉంటుంది గాని బిగుసుకోదు. నూతిలోనో కాలవలోనో పడ్డవాళ్లకు అందించి, చంకల కిందుగా వేసుకోమని లాగవచ్చు. జారుముడి వేసి అందిస్తే లాగేకొద్దీ గుండెలకు బిగిసి ఊపిరాడకుండా చేస్తుంది. పిల్లలకు ఇది ఇలా చెప్పండి: తాడులో చిన్న మెలిక వేస్తే అది పుట్ట. పైకి నిలువుగా పట్టుకున్న తాడు చెట్టు. చేతిలో ఉన్న కొస పాము. పాము పుట్టలోంచి పైకి వస్తుంది, చెట్టు వెనకనుంచి చుట్టి వస్తుంది, మళ్లీ అదే పుట్టలోకి దిగిపోతుంది. ఇక లాగటమే. రెండురోజులు సాధన చేస్తే చీకట్లో కూడా వస్తుంది. రావాలి కూడా, ఎందుకంటే అవసరం వెలుతురు చూసుకుని రాదు.

మా కృష్ణాజిల్లా దిగువన పుట్టినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, ఆ పాయలకూ సముద్రానికీ మధ్య దివిసీమను వదిలింది. 1977 నవంబరు 19న అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల మీదికి వచ్చిన ఉప్పెన ఎత్తు దాదాపు 5 మీటర్లు. అంటే మూడు నిలువులు. దాదాపు 10,000 మంది పోయారని ప్రభుత్వపు లెక్క. అంతకంటె చాలా ఎక్కువేనని ఆ ఊళ్లవాళ్ల మాట. తాడిచెట్లూ కొబ్బరిచెట్లూ కరుచుకుని గంటల తరబడి ఉండి బతికి బయటపడ్డవాళ్లున్నారు. ముడులు వస్తే వాళ్లంతా బతికేవారని నేననటం లేదు. అలా అనటం పాపం. ఉప్పెనకు విరుగుడు ముందుగా ఊరు వదలటం ఒక్కటే. 1990 మే నెలలో కృష్ణ ముఖద్వారం దగ్గరే భారీ తుఫాను తీరం దాటింది. అప్పుడు ముందే లక్షమందికి పైగా జనాన్ని తరలించారు, పోయినవాళ్లు వెయ్యిలోపు. తేడా అక్కడుంది.

మరి ఈ విద్య ఎప్పుడు అక్కరకొస్తుందంటే, తుఫాను వెళ్లిన మర్నాటినుంచి. కరెంటు ఉండదు, కుళాయి రాదు, పైకప్పు లేచిపోయి ఉంటుంది, సెల్‌ఫోను చల్లబడిపోతుంది. సముద్రం లేని ఊరివాళ్లం మనకేమిటి అనుకోకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. చుట్టూ నీళ్లే, తాగటానికి చుక్క లేదు.

కాబట్టి నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెబుతాను. క్యాంపులో పిల్లలచేత చెరువునీళ్లు తేటపరిచే పని చేయిస్తారు. మన పాతకాలపు ఇళ్లలో చిల్లగింజ ఉండేది, ఇండుపగింజ అని కూడా అంటారు. మట్టికుండ లోపల ఆ గింజను అరగదీసి నీళ్లు పోస్తే, కొన్ని గంటల్లో మడ్డి అడుగుకు దిగుతుంది. గింజ దొరక్కపోతే పటిక. తేరిన నీటిని గుడ్డలో వడకట్టాలి. ఆ గుడ్డ పాత నూలుచీరె అయితే మరీ మంచిది. ఇది నా మాట కాదు. రీటా కోల్వెల్ అనే అమెరికా శాస్త్రవేత్త తన బృందంతో బంగ్లాదేశ్ పల్లెల్లో ఈ సంగతే పరీక్షించారు. పాతచీరెను నాలుగు మడతలకు తక్కువ కాకుండా వేసి వడకట్టిన ఇళ్లలో కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో ప్రచురించారు. కొత్తచీరె కన్న పాతదే నయమట, ఉతికి ఉతికి పోగులు ఉబ్బి సందులు చిన్నవవుతాయి కాబట్టి. మన పాతచీరెలకు ఇన్నాళ్లకు ఇంత గౌరవం దక్కింది! అయినా వడకట్టినంత మాత్రాన తాగెయ్యకూడదు. తెర్లి పొంగులు వచ్చాక ఇంకో నిమిషం మరగనివ్వాలి. ఇక్కడొక పొరపాటు చాలామంది చేస్తారు. మరగబెడితే ఉప్పదనం పోదు. నీరు ఆవిరై ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. ఉప్పెన వచ్చిపోయిన ఊళ్లో బావినీళ్లు ఉప్పగా ఉంటే ఎంత కాచినా పనికిరావు. వాననీళ్లు పట్టుకోవటమో, బయటినుంచి తెచ్చిన నీళ్లకోసం చూడటమో చెయ్యాలి.

కాచటానికి నిప్పు కావాలి. క్యాంపు పుస్తకాల్లో గాలివాలుకు సన్నని గొయ్యి తవ్వి పొయ్యి చెయ్యమని ఉంటుంది. గుడివాడ చుట్టుపక్కల వరిచేల మధ్య, వానలు పడ్డాక ఆ సలహా నడవదు. కొన్నిచోట్ల మూరెడు తవ్వేసరికి ఊట వస్తుంది. అక్కడ గొయ్యి కాదు, దిమ్మె కావాలి. ఇటుకలో మట్టిగడ్డలో జానెడు ఎత్తు పేర్చి, దానిమీద మూడురాళ్ల పొయ్యి పెట్టాలి. రాజేయటానికి కొబ్బరిపీచు, ఎండు తాటాకు, సరుగుడు ఆకు. వానలో కూడా దొరికే పొడిపుల్ల చెట్టుకే ఎండి వేలాడుతున్న సన్నకొమ్మ, నేలమీద పడ్డది కాదు. గ్యాసు వెలిగించే మన పిల్లలు మొదటిరోజు అగ్గిపెట్టె మొత్తం ఖర్చుపెడతారు, మూడోరోజుకు రెండుపుల్లలతో అన్నం వండుతారు. పక్కన బకెట్టుతో నీళ్లు ఉండాల్సిందే. పని అయ్యాక నీళ్లుపోసి, కెలికి, చేత్తో తాకితే చల్లగా ఉండేదాకా అక్కడినుంచి కదలకూడదు.

ఇక నీడ. రెండుచెట్ల మధ్య తాడు లాగి, దానిమీద టార్పాలిన్ వేసి, నాలుగు మూలలూ మేకులకు కట్టటమే పని. గాలి వచ్చేవైపు నేలకు ఆనించి దించాలి. ఎత్తు తక్కువైనకొద్దీ గాలికి పట్టు తక్కువ. మన తీరంలోని చుట్టిళ్లు చూడండి. గోడలు గుండ్రం, కప్పు దాదాపు నేలదాకా వంగి ఉంటుంది. మూలలు లేని ఇంటిని గాలి చుట్టుకుని పోతుంది. అది కట్టినవాళ్లు ఏ కాలేజీలోనూ చదవలేదు. (గాలికే సుమండీ, ఉప్పెనకు కాదు.) సముద్రపు ఇసుకలో అయితే మేకు నిలవదు. మూరెడు కర్ర నడిమికి తాడుకట్టి, ఆ కర్రను అడ్డంగా ఇసుకలో లోతుగా పాతాలి. లాగినా రాదు. కొబ్బరిచెట్టు కింద మాత్రం ఎంత నీడ ఉన్నా పక్క వెయ్యకూడదు, ఎందుకో చెప్పనక్కరలేదు.

దిక్కులు తెలుసుకోవటం కూడా నేర్పుతారు. ధ్రువనక్షత్రం నడినెత్తిన ఎక్కడో ఉంటుందని పిల్లలు వెతుకుతారు. బందరు నుంచి చూస్తే అది ఉత్తరదిక్కున 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే, నేల అంచునుంచి పిడికిలిన్నర పైకి. తుఫానులు వచ్చే నవంబరు సాయంత్రాల్లో దారి చూపే సప్తర్షులు కనిపించరు, శర్మిష్ఠ నక్షత్రాలను పట్టుకుని వెతకాలి.

పాముల భయం ప్రతి తల్లికీ ఉంటుంది. ఉండవలసిందే, మన చేలల్లో తాచూ కట్లపామూ రక్తపింజరీ మూడూ ఉన్నాయి. రాత్రి టార్చిలైటు లేకుండా అడుగు వెయ్యకూడదు, బూట్లు దులిపి తొడుక్కోవాలి. పాము కరిస్తే పైన తాడు బిగించి కట్టటం మన పెద్దవాళ్ల అలవాటు. అది తప్పు. ముడి వెయ్యకూడని చోటు ఇదొక్కటే. కొయ్యటం, పీల్చటం కూడా వద్దు. కదలనివ్వకుండా వెంటనే విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. సంతకం పెట్టేముందు ఆ ఆసుపత్రి ఎంతదూరమో, బండి సిద్ధంగా ఉంటుందో లేదో బడివాళ్లను అడగండి.

సంచీలో ఏం పెట్టాలని అడుగుతారేమో. టార్చిలైటు, పాత నూలుచీరె ముక్క, మూడు మీటర్ల తాడు. తాడు చిటికెనవేలి లావున, నూలుది కొనండి. నైలాను తాడు గట్టిదేగాని నునుపు, కొత్తచేతుల్లో ముడి నిలవదు. కొన్నరోజే రెండు కొసలకూ గట్టి దారం పది పన్నెండు చుట్లు బిగించి కట్టండి, లేకపోతే రెండోరోజుకే పురులు విడిపోయి కుచ్చులా తయారవుతుంది. ఆ దారం చుట్టేటప్పుడు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక కొస మీరు చుట్టండి, రెండోది తనచేత చుట్టించండి.